అగ్గిపెట్టె ఇటుకలు

మొన్న శ్రావణమాసం రెండో శనివారం, సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు, నాచారంలో మా ఇంటి ముందు గదిలో చాప వేసుకుని, ఫోనును ఒక చిన్న ఎర్ర ఇటుకకు ఆనించి పెట్టి, దాని ముందు కూర్చున్నాను. ఇటుక అంటే గోడకు పెట్టేది కాదు. అగ్గిపెట్టె అంత ఉంటుంది, నిజానికి ఇంకాస్త చిన్నదే, మట్టి ఎండినప్పుడు కొంచెం, కాలినప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి. అది నా దగ్గరికి వచ్చి అరవై ఏళ్లు కావస్తోంది. ఆ పూట వాన పడి వెలిసింది. ఎదురుగా లేస్తున్న అపార్ట్‌మెంటు కోసం దింపిన బూడిదరంగు సిమెంటు ఇటుకలు నిలువెత్తున తడిసి నల్లబడి ఉన్నాయి. వాటికి వాసన లేదు. సిమెంటు ఇటుక ఎంత తడిసినా వాసన రాదు. నా ఇటుక మీద మాత్రం నాలుగు చుక్కలు చల్లి ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఊక పొగ, మూసీ ఒడ్డు బురద, ఎండకు మాడిన మా తల వెంట్రుకల వాసన, అన్నీ ఒకేసారి ఇప్పటికీ వస్తాయి.

నేను కాచుకుని కూర్చున్నది ఒక ఆట తెరుచుకోవడం కోసం. పిల్లలు ఒకదానిలో ఒకటి గుచ్చి ఇళ్లూ బండ్లూ కట్టుకునే రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలు ఉంటాయి చూడండి, వాటితోనే, ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్లలో ఒకే మైదానానికి చేరి కలిసి కట్టుకునే ఆట. శనివారం నాలుగింటికి లోకమందరికీ ఒకేసారి తెరుస్తామని ఆ ఆట చేసినవాళ్లు చెప్పారు. ఈ వయసులో నీకు ఆటలేమిటని మీరు అడగవచ్చు. ఆడడానికి కాదు. ఆ మైదానంలోకి షారోన్ అనే పదేళ్ల పిల్ల వస్తుంది, ఐదింటిదాకా ఉంటుంది. ఆ పిల్లకు నేనొక అబద్ధం చెప్పి ఉన్నాను. ఆ గంటలో నిజం చెప్పాలి. నాకు అంతకు మించి అక్కడ పని లేదు.

షారోన్ నా మనవరాలు కాదు. నాకు పిల్లలు పుట్టలేదు, ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఇంటి వెనక రెండు గదులు కిరాయికి ఇస్తాను. ఆ గదుల్లోకి జనగామ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం దిగినప్పుడు షారోన్‌కు ఇంకా నడక రాదు. తండ్రి డానియేలు క్యాబ్ నడిపేవాడు, తల్లి సునీత ఒక దవాఖానాలో నర్సు. ఇద్దరికీ డ్యూటీలు ఒకేసారి పడితే పిల్ల నా దగ్గర. నేను అన్నం తింటే నా పళ్లెంలో, నేను పడుకుంటే నా పక్కన.

నాకు అక్షరం ముక్క రాదు. మందుసీసాల కంపెనీలో సీసాలు డబ్బాల్లో సర్దుతూ వేలిముద్రతోనే పాతికేళ్లు గడిపాను, సిగ్గుపడలేదు, పడే తీరిక లేదు. షారోన్ బడికి పోవడం మొదలుపెట్టాక, సాయంత్రం ఇంటికి రాగానే పలక పట్టుకుని నా ముందు టీచరమ్మ అయ్యేది. ఆ పిల్ల నేర్చుకుంటూ నాకు నేర్పింది, ఇద్దరం ఒకే పలక మీద, ఒకే తడిగుడ్డతో తుడుచుకుంటూ.

"చేతులు కట్టుకో. నవ్వొద్దు. 'ఋ' రాయి."

"గది నా బతుకుల ఎన్నడన్న అక్కరొచ్చిందానే?"

"టీచర్‌కు ఎదురు జెప్తవా? గోడకుర్చీ ఏపిస్త అవ్వా, సూడు మల్ల!"

అట్లా అరవై దాటాక నాకు చదువు వచ్చింది. అక్షరాలన్నీ అయ్యాక, చూడకుండా ఒక పేరు రాయమంది. ఎవరైనా ముందు తమ పేరు రాసుకుంటారు. నేను 'బాలమణి' అని రాశాను. షారోన్ పలకను తిప్పి తిప్పి చూసింది.

"నీ పేరు నర్సమ్మ గదా? గిదెవలు?"

"నా జోడీ, నా దోస్తు. నీ అంతున్నప్పుడు, ఉప్పల్‌ల."

ఆ రోజు మా ఇటుక బట్టీ కథ చెప్పాను. ఉన్నది ఉన్నట్టే చెప్పాను, ఒక్క చోట తప్ప. ఆ చోటు దగ్గరికి మీరు కూడా వస్తారు.

ఆట సంగతి షారోన్ మొదట ఎండాకాలం సెలవుల్లో చూసింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అదే పని. గోడ మీది క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రోజులు కొట్టేస్తూ వచ్చాం. ఒకసారి తేదీ వెనక్కి జరిపారు, ఆ రోజు పిల్ల అన్నం తినలేదు, నేనూ సరిగ్గా తినలేదు.

"ఇంక ఎన్ని దినాలే?"

"నలపై రెండు. నిన్న గూడ అడిగినవ్."

"నిన్న నలపై మూడన్నవ్ గదా. తగ్గినయో లేదో సూస్తున్న."

నా ఫోన్‌లో కూడా ఆ ఆటను దింపి పెట్టింది. మనిషి బొమ్మను ఎంచుకోమంటే, అన్నీ పసుపు మొహాల పిల్లల బొమ్మలే. "ముసలిదాని బొమ్మ లేదానే గిండ్ల?" అంటే, "గీ టోపీ పెట్టుకో అవ్వా, తెల్ల ఎంటికలు కనపడయ్" అని నీలం టోపీ పెట్టింది. ఆ తర్వాత నోటు పుస్తకం వెనక పేజీలో ఇంటి పటం గీసి నా ఒళ్లో పెట్టింది. ఒక గది, ఎదురెదురుగా రెండు తలుపులు.

"మనం బాలమణి అవ్వ ఇల్లే కడదాం. గప్పుడు కట్టలేదు గదా మీరు."

అబద్ధం మీద ఇల్లు కడుతోంది పిల్ల. కట్టేలోపు చెప్పాలి అనుకున్నాను. ఇవాళ, రేపు అని జరిపాను.

జరుపుతూ ఉండగానే వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. డానియేలుకు పోచారంలో సాఫ్ట్‌వేరు వాళ్లను తిప్పే పని కుదిరింది, అక్కడే ఇల్లు చూసుకున్నారు. "ఆషాఢంల ఇల్లు మారరమ్మా, నెల ఆగుండ్రి" అన్నాను. "మాకు ఆషాఢం లేదు గదమ్మా" అని నవ్వింది సునీత. నిజమే, వాళ్లకు లేదు. ట్రాలీ ఆటోలో మంచం, బీరువా, షారోన్ సైకిల్ ఎక్కించుకుని ఒక పూటలో వెళ్లిపోయారు. తర్వాత రెండుసార్లు ఫోన్ చేశారు. ఫోన్ స్పీకర్‌లో ఉంటుంది, పక్కన తల్లి ఉంటుంది, వెనక కుక్కర్ కూస్తుంది. ఆ కూతల మధ్య అరవై ఏళ్ల మాట చెప్పడం నాకు చేతకాలేదు.

వెళ్లి చెప్పవచ్చు కదా అంటారు. ఒకరోజు బయలుదేరాను. నాచారం నుంచి ఉప్పల్ దాకా వెళ్లి, వరంగల్ రోడ్డు బస్సుల కోసం మెట్రో కింద నిలబడ్డాను. సంచిలో నాలుగు జామపండ్లు. బస్సు వచ్చింది, తలుపు దగ్గర కండక్టరమ్మ "ఎక్కుతవా లేదా?" అన్నది. సొంత మనవరాలైతే ఎక్కేదాన్ని. కిరాయికి ఉండి పోయినవాళ్ల ఇంటికి ఏమని పోవాలి? ఎందుకొచ్చావని వాళ్లు అడగరు, మంచివాళ్లు, టీ ఇస్తారు. టీ తాగి ఏం చెప్పాలి? బస్సు వెళ్లిపోయింది. ఇంకోటి కూడా వెళ్లిపోయింది. జామపండ్లు అక్కడ పూలమ్మే ఆమెకు ఇచ్చి వెనక్కి వచ్చాను. పిలవకుండా నేను వెళ్లగల చోటు ఆ ఆట ఒక్కటే మిగిలింది. శనివారం నాలుగు నుంచి ఐదు దాకా ఒక్క గంట ఆడుకోనిస్తానని సునీత ఒప్పుకుంది, ఐదింటికి పిల్ల చర్చిలో పాటల ప్రాక్టీసుకు పోవాలి.

ఆ బస్టాపుకు మూసీ వైపుగా, కూతవేటు దూరంలోనే, మా బట్టీ ఉండేది. ఇప్పుడు నిలబడి చూపిస్తే ఎవరూ నమ్మరు. అప్పుడు ఉప్పల్ అంటే వరిపొలాలు, గడ్డి గట్లు, కొంగలు, ఎండాకాలంలో పగుళ్లు తేలిన బీళ్లు. దసరా దాటగానే పాలమూరు వైపు నుంచి మమ్మల్ని లారీలో తెచ్చి దింపేవాళ్లు. మా నాయన ఆశన్న ఇటుకల అచ్చు కొట్టేవాడు, మా అమ్మ ఎంకమ్మ మట్టి తొక్కి ముద్దలు చేసి అందించేది. విరిగిన ఇటుకలు నడుమెత్తు పేర్చి, పైన తాటికమ్మలు కప్పితే అదే మా గుడిసె. పెద్దవాళ్లు వంగి లోపలికి పోయేవాళ్లు, తలుపు అనేది లేదు, గోనెపట్టా వేలాడేది. లారీలకు లారీలు ఇటుకలు చేసేవాళ్లం. వాటితో ఎవరి ఇళ్లు లేచాయో మాకు తెలియదు.

పిల్లలకూ పని ఉండేది. పచ్చి ఇటుకలు వరసలుగా ఆరబెడితే, ఒక పక్క ఆరాక వాటిని రెండో పక్కకు తిప్పాలి. పెద్దవాళ్ల చేతులకు పచ్చి ఇటుక నలుగుతుంది, పిల్లల చేతులకు నలగదు. బాలమణీ నేనూ చెరో వరస పట్టుకుని, కుందేళ్ల లాగా గొంతు కూర్చుని జరుగుతూ, ఎండ నడినెత్తికి వచ్చేసరికి వందల కొద్దీ తిప్పేవాళ్లం. పొద్దున గంజి, మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు, దొరికినప్పుడు చింతచిగురు. చలికాలం బట్టీ రాజుకుంటే దాని గోడ పక్కన కందగడ్డలు, అంటే చిలగడదుంపలు, పెట్టి, పైన మన్ను కప్పి, పని అయ్యాక తవ్వుకుని, పొట్టు మాడి లోపల తేనె కారే ఆ గడ్డలను ఊదుకుంటూ తినేవాళ్లం. బాలమణికి తల్లి లేదు. తండ్రి బుచ్చయ్య మంచి పనివాడే, కొట్టడంలో చెయ్యి తొందర. మా అమ్మ మా ఇద్దరికీ ఒకే దువ్వెనతో తల దువ్వేది, ఒకే పాత చీర చించి రెండు రిబ్బన్లు కట్టేది.

అగ్గిపెట్టె ఇటుకల ఆలోచన బాలమణిదే. ఖాళీ అగ్గిపెట్టె లోపల బూడిద చల్లి, మెత్తటి మట్టి కూరి, గోటితో పైన చదును చేసి, వెనక నుంచి బొటనవేలితో నెడితే చక్కటి ఇటుక జారి పడేది. అట్ట పెట్టె రెండు రోజులకే నాని చీకిపోయేది. కొత్తది కోసం బీడీలు తాగేవాళ్ల చుట్టూ తిరిగేవాళ్లం. అయిపోయిన పెట్టె ఎవరి చేతిలో కనిపించినా చేయి చాపేవాళ్లం, "గీ పోరిలు నా పానం తీస్తున్నరు, పుల్లలు గీసి గీసి ఖాళీ జేయమంటరా ఏంది?" అని మా నాయన కసిరేవాడు, కసురుతూనే పెట్టె ఇచ్చేవాడు. పెద్ద ఇటుకల వరసల పక్కన మా చిన్న వరసలు ఆరేవి. ఇంటి పటం బాలమణి బొగ్గుతో నేల మీద గీసింది. రెండు తలుపులు, ఒకటి నాది, ఒకటి తనది, ఒకరు పోతుంటే ఇంకొకరు ఆగనక్కరలేకుండా. తలుపే లేని గుడిసెల పిల్లలం, రెండు పెట్టుకున్నాం.

బట్టీ కాల్చేవాడు ఉస్మాన్ తాత. కళ్లు ఎప్పుడూ ఎర్రగా, కనుబొమల వెంట్రుకలు కాలి పొట్టిగా ఉండేవి. బట్టీ పేర్చేటప్పుడు ఒక మూల చూపించి, "గీ మూల మీది, పెట్టుకోండి" అన్నాడు. మా ఇటుకలన్నీ అక్కడ పేర్చాం. బట్టీకి పసుపు రాసి, కోడిని కోసి, బెల్లం అన్నం పంచి, నిప్పు పెట్టారు. వారం పైన కాలింది. కాలాక చల్లబడాలి, అదే కష్టం. బయట మట్టి పూత ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది, లోపల నిప్పు నిప్పుగానే ఉంటుంది. దానికి ఉస్మాన్ తాత లెక్క ఒకటి ఉండేది. ఒక తువ్వాలను రెండుగా చించి, రెండు ముక్కలూ ఒకేసారి తడిపి, ఒకటి బట్టీ గోడ మీద, ఒకటి తుమ్మ కంప మీద ఆరేసేవాడు. బట్టీ మీద ముక్క ముందు ఆరితే లోపల ఇంకా వేడి ఉన్నట్టు. రెండూ ఒకేసారి ఆరిన రోజే బట్టీ విప్పాలి. యజమాని వచ్చి తొందరపెట్టినా సరే, ఆ రెండు ముక్కలనే చూపించేవాడు.

మేమిద్దరం రోజూ ఆ తువ్వాల ముక్కల కింద కూర్చునేవాళ్లం. బట్టీ మీదిది గట్టిపడి అట్ట లాగా అయ్యేసరికి కంప మీదిది ఇంకా చెమ్మగానే ఉండేది. ఈ లోపల బుచ్చయ్య పని అయిపోయింది, సోమవారం పొద్దున లారీలో ఊరికి పోతున్నారని తెలిసింది.

"తాతా, ఇంక ఎన్నొద్దులు?"

"తువ్వాల ఆరనీ బేటీ. నన్ను అడుగుతవేంది, దాన్ని అడుగు."

"సోమారం లోపల ఆరదా?"

"నాలుగొద్దులైనా పడ్తది."

ఆదివారం నాడు పెద్దవాళ్లందరూ అంగడికి పోయారు. ఉస్మాన్ తాత చెట్టు కింద కునుకు తీస్తున్నాడు. గడ్డపార తెచ్చింది నేను. బాలమణి వద్దన్నది. "వద్దే, తాత కొడ్తడు, తువ్వాల తడిగున్నది" అన్నది. నేను వినలేదు. "రేపు నువ్వు పోతవ్, ఇల్లెవలు కడ్తరు?" అన్నాను. మట్టి పూతను పొడిచి, మా మూల దగ్గర మోచెయ్యి పట్టేంత కంత చేశాను. లోపలి నుంచి వచ్చిన ఊపిరికి నా కనురెప్పలు చురుక్కుమన్నాయి. చీకటిలో మా ఇటుకలు దానిమ్మ గింజల లాగా ఎర్రగా వెలుగుతున్నాయి. అంత అందమైనది నేను మళ్లీ చూడలేదు. గడ్డపార మొనతో ఒక్కొక్కటే బయటకు లాగాను. ముట్టుకోలేం. చల్లార్చుదామని నేనే పరుగెత్తి కుండ తెచ్చి నీళ్లు గుమ్మరించాను.

మక్కజొన్న పేలాలు వేగినట్టు చట్‌చట్‌మని పగిలిపోయాయి. నిమిషంలో అన్నీ పెంకులయ్యాయి. ఆవిరి పోయాక చూస్తే, నీళ్లు తగలకుండా పక్కకు దొర్లినది ఒక్కటే మిగిలింది. బాలమణి ఏడవలేదు, ఆ పెంకుల్లో చెయ్యి పెట్టి వెతుకుతూ కూర్చుంది. ఆ ఒక్కదాన్నీ నేను చల్లబడ్డాక పరికిణీ అంచులో ముడి వేసుకున్నాను. ఆ కంతలోంచి చల్లగాలి దూరి, సాయంత్రానికి బట్టీ మూల మొత్తం లోపల పగుళ్లు తేలింది. పెద్ద ఇటుకలు, నెలల కష్టం.

పెద్దవాళ్లు తిరిగొచ్చారు, ఉస్మాన్ తాత కంత ముందు నిలబడి ఉన్నాడు. అరవలేదు. ఆ ఎర్రకళ్లతో మా ఇద్దరినీ చూసి, "ఎవలు తెరిసిన్రు?" అని ఒక్కసారే అడిగాడు.

నేను "బాలమణి" అన్నాను.

ఇదే నేను షారోన్‌కు చెప్పని చోటు. షారోన్‌కు, తాత ఇద్దరినీ తిట్టి వదిలేశాడని చెప్పాను. అట్లా జరగలేదు. బుచ్చయ్య అక్కడే చింతబరికె విరిచి పిల్లను కొట్టాడు. మా అమ్మ అడ్డం పడేదాకా కొట్టాడు. బాలమణి నా పేరు చెప్పలేదు. ఒక్కసారి నా వైపు చూసింది, కోపంగా కాదు, నేను ఎవరో ఆనవాలు పట్టలేనట్టు చూసింది. పొద్దున లారీలో, మూటల మీద, మాకు వీపు చేసి కూర్చుంది. మా అమ్మ కట్టిన రిబ్బన్ జడకు లేదు. మరుసటి ఏడు వాళ్లు రాలేదు, బొంబాయి వైపు పనికి పోయారని ఎవరో అన్నారు. అంతే. ఆమె బతికి ఉందో లేదో నాకు తెలియదు. నాకు ఆ తర్వాత జోడీ అంటూ ఎవరూ కుదరలేదు, నేను కుదరనివ్వలేదేమో కూడా.

ఇక శనివారం. నాలుగింటికి ఆట తెరుచుకోలేదు. తెర మీద ఒక ఎర్ర ఇటుక గిరగిరా తిరుగుతోంది, దాని కింద నా ముందు ఎంతమంది నిలబడి ఉన్నారో అంకె కనబడుతోంది. వేలల్లో ఉంది. లోకంలోని పిల్లలందరూ ఒకే గుమ్మం దగ్గర తోసుకుంటున్నారు, వాళ్ల వెనక నేను. నాలుగుంపావుకు అంకె కొంచెం తగ్గింది. నాలుగున్నరకు ఇంకొంచెం. ఫోన్‌లో ఏదో చెడిందేమో, మూసి మళ్లీ తెరుద్దామా అని వేలు ముందుకు పోయింది. షారోన్ ఇల్లు మారే ముందు చెప్పింది గుర్తుంది: "లైన్ల నుంచి బయటికొస్తే మల్ల మొదటికొస్తది అవ్వా. ఏం ఒత్తకు. నీకు ఆగం ఎక్కువ." అవును, నాకు తొందర ఎక్కువే. వేలు మళ్లీ పోయింది. అప్పుడు నా కుడిచేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీద బరువేసి కూర్చున్నాను. బయట తీగ మీద నా తువ్వాల ఆరేసి ఉంది, వాన తర్వాత గాలికి మెల్లగా ఊగుతోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఐదు దాటితే పిల్ల ఉండదు. మళ్లీ శనివారం సంగతి సునీత ఏమీ చెప్పలేదు.

నాలుగు యాభై రెండుకు తెర అంతా పచ్చగా అయింది. పెద్ద మైదానం, నీలం టోపీతో నేను. చుట్టూ ఎవరెవరో పరుగెత్తుతున్నారు, ఎవరూ ఆగడం లేదు. ఇంతలో గులాబీరంగు గౌను బొమ్మ ఒకటి గెంతుకుంటూ వచ్చి నా చుట్టూ మూడుసార్లు తిరిగింది. దాని తల మీద తెల్ల చీటీలో అక్షరాలు లేచాయి. కూడబలుక్కుని చదివాను. "అవ్వా వచ్చినవా".

మాట్లాడడం కుదరదు, రాసుకోవడమే. "వచ్చిన" అని రాయడానికి నాకు నిమిషం పైన పట్టింది, ఆ 'చ్చి' దగ్గర వేళ్లు తడబడ్డాయి. "దా" అన్నది. వెంట నడవబోయి పక్కనున్న గుంటలోకి దిగాను. "నీల్లల్ల పడ్డవ్" అని రాసి గౌను బొమ్మ పైకీ కిందికీ ఎగిరింది, నవ్వడమనుకుంటాను. నేనూ గదిలో ఒక్కదాన్నే పైకి నవ్వాను. బయటపడి వెళ్లి చూస్తే, ఆ పిల్ల ముందే వచ్చి కట్టిన ఇల్లు ఉంది. ఎర్ర ఇటుకలు, మోకాలెత్తు గోడలు, ఎదురెదురుగా రెండు ఖాళీలు.

"గిది నీ తలుపు" అని రాసింది. అవతలి వైపు పరుగెత్తి, "గిది బాలమణి అవ్వది. ఆమె వస్తె ఇట్ల వస్తది".

నాలుగు యాభై ఏడు. నేను నా తలుపు దగ్గర నిలబడి రాయడం మొదలుపెట్టాను. 'బాలమణి' వేగంగానే వచ్చింది, ఆ పేరు నా వేళ్లకు అలవాటు. 'పేరు' దగ్గర తప్పు పడితే చెరిపాను. మళ్లీ రాశాను. 'నే' దాకా వచ్చేసరికి గౌను బొమ్మ తల మీద చీటీ లేచింది. "పాటలకు పోవాలె, అమ్మ పిలుస్తుంది. బై అవ్వా". బొమ్మ చెయ్యి ఊపింది. ఊపుతుండగానే పలచబడి, వెనక గోడ కనిపించి, లేకుండా పోయింది.

నేను ఆగలేదు. మిగతా అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుని పూర్తి చేశాను. బాలమణి పేరు నేనే చెప్పిన. బట్టీ నేనే తెరిసిన. నా నీలం టోపీ మీద తెల్ల చీటీలో ఆ మాటలు కాసేపు నిలబడ్డాయి. ఎదురుగా రెండో తలుపు, దాని అవతల పచ్చిక. ఎవరో తెలియని పిల్లలు ఇద్దరు ఆ పక్క నుంచి పరుగెత్తుకుంటూ పోయారు, వాళ్లకు తెలుగు రాదనుకుంటాను. చీటీ మాసిపోయింది.

ఇప్పుడు ఉప్పల్‌లో బట్టీ లేదు, తుమ్మ కంప లేదు, తువ్వాల చించి ఆరేసే మనిషి లేడు. అగ్గిపెట్టెలు ఉన్నాయి గానీ వాటి కోసం చేయి చాపి తిరిగే పిల్లలు లేరు. ఎర్ర ఇటుక తడిసిన వాసన నాచారం మొత్తంలో బహుశా మా ఇంట్లో ఒక్కచోటే ఉంది, అదీ నేను నీళ్లు చల్లితేనే. షారోన్ ఇది చదివే రోజు వస్తే చదవనీ. నాకు చదువు చెప్పింది ఆ పిల్లే కాబట్టి తప్పులుంటే దిద్దుతుంది.

బట్టీ మూల పగిలిన ఆదివారం నాడు అక్కడున్నవాళ్లు మా నాయన ఆశన్న, మా అమ్మ ఎంకమ్మ, బాలమణి తండ్రి బుచ్చయ్య, ఉస్మాన్ తాత, బాలమణి, నేను. మొన్న శనివారం అక్కడున్నవాళ్లు షారోన్, నేను. ఐదు దాటిన తర్వాత, నేను.